నోట్లో మొలిచిన గడ్డం

నా బుగ్గ లోపలి చిన్న పుండు క్యాన్సరని తేలినప్పుడు, చావు సంగతి అటుంచి, మొహం ఏమైపోతుందోనని బెంగ పట్టుకుంది నాకు. అంత పిచ్చివాణ్ణి.

"ముక్కు పక్కన ఈ మడత ఉండాది కదప్పా, ఆ మడత తోలు ఒక కొస తెగకుండా లేపి, లోపలికి తిప్పి కుట్టేస్తాం. మచ్చ ఆ మడతలోనే కలిసిపోతాది," అన్నాడు సర్జన్. తరాలుగా బెంగళూరులోనే ఉంటున్న తెలుగు కుటుంబం ఆయనది, ఆ యాస అందుకే.

అన్నట్టే చేశాడు. పుండు తీసేసిన చోట నా బుగ్గ తోలే అతుకయింది. బయట మచ్చ పెద్దగా కనబడలేదు. లోపలే విడ్డూరం. నాలుకతో ఆ అతుకును తాకితే, బయట నా ముక్కు పక్కన ఎవరో వేలు పెట్టినట్టుండేది. ఉలిక్కిపడి తడుముకునేవాణ్ణి. ఎవరూ ఉండరు.

కొన్ని నెలలకు అక్కడ గరుకుగా తగిలింది. మళ్లీ వచ్చిందనే అనుకున్నాను. నేను అన్నం కెలకడం చూసి మా ఆవిడ పట్టేసింది. మారతహళ్ళి ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ ఆస్పత్రికి లాక్కెళ్లింది.

డాక్టరు టార్చి వేసి చూసి పకపకా నవ్వాడు.

"గడ్డమప్పా ఇది! గడ్డం వచ్చే తోలు ఏడ కుట్టినా గడ్డమే వస్తాది."

ఒకటి పీకి చూపించాడు. నల్లటి వెంట్రుక. ప్రాణం లేచొచ్చింది.

అప్పట్నించి ఆదివారం కాఫీలయ్యాక నేను బాల్కనీలో నోరు తెరుచుకుని కూర్చోవడం, ఆవిడ ఫోన్ లైటు వేసి ప్లకర్‌తో పీకడం.

"బయట షేవింగ్‌కి మీకు బద్ధకం, లోపల నాకు డ్యూటీ!" అని దెప్పేది.

పైకి విసుక్కునేవాణ్ణి గానీ, పీకిన ప్రతి వెంట్రుకనూ అడిగి మరీ చూసుకునేవాణ్ణి. వెంట్రుక కనబడితే ఆ వారానికి నేను బతికినట్టే. మళ్లీ సోమవారం వైట్‌ఫీల్డ్ ఆఫీసులో, మీటింగ్ మధ్యలో, నాలుక దానంతటదే అటు పోయేది. నా నోటికే నేను భయపడుతూ బతకడం అలవాటైపోయింది.

మొన్న ఆదివారం కూడా గరుకుగా ఉందని చెప్పి నోరు తెరిచాను. ఆవిడ చాలాసేపు వెతికింది. ఒక్క మాటా దెప్పలేదు.

"వెంట్రుక ఏం లేదండీ," అంది.

"సరిగ్గా చూడు."

"చూశాను."

ప్లకర్ కింద పెట్టేసి, ఆ చేత్తో నా చెయ్యి పట్టుకుంది. లైటు మాత్రం ఆర్పలేదు.