వయొలిన్లు లేని ఏడుపు

మా అమ్మమ్మ ఏడ్చినన్ని ఏడుపులు ఈ భూమ్మీద పుట్టిన ఆడవాళ్ళందరూ కలిసి కూడా ఏడ్చి ఉండరు. రాణి కానీ, పనిమనిషి కానీ, పెద్ద స్టూడియో సినిమాలో ఎవరి మొగుడు పోయినా ఏడ్చింది మా అమ్మమ్మే. ఆమె గనక ఓ నెల సెలవు పెట్టి ఉంటే హీరోయిన్లందరూ బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చునేవారు, జనం టికెట్లు చించేసి ఇళ్ళకు పోయేవారు, స్టూడియో గేటుకు తుప్పు తాళం పడేది.

ఆమె ఉద్యోగమే అది. తెరమీద ముఖం ఒకరిది, ఏడుపు అమ్మమ్మది. మాటలు చెప్పేవాళ్ళకు చదువుకోవడానికి కాగితం ఇస్తారు. ఏడుపుకు కాగితం ఉండదు. డబ్బింగు గదిలో సినిమాను చిన్న ముక్కలుగా చేసి, శబ్దం లేకుండా మళ్ళీ మళ్ళీ తిప్పుతారు. అసిస్టెంటు వచ్చి, "అమ్మా, ఇక్కడ ఈవిడ తండ్రి పోయాడు" అని ఒక్క మాట చెవినేసి పోతాడు. ఇక తెరమీద భుజం ఎగిరితే అమ్మమ్మ వెక్కాలి, పెదవి విడితే భోరుమనాలి. స్టూడియోలో ఆమె పేరు ఎవరికీ తెలియదు.

"ఏడుపులమ్మ వచ్చిందా?"

"వచ్చానురా, ఎవరు పోయారు?" అంటూ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేది.

ఆమె కడుపుమంటంతా వయొలిన్ల మీద. ప్రాణం పెట్టి ఏడిస్తే, సినిమా హాలుకు వచ్చేసరికి ఆ వయొలిన్లు వచ్చి ఏడుపు నెత్తిన ఎక్కి కూర్చునేవి. "నా ఏడుపు నన్ను ఏడవనివ్వరు కదే" అని మా అమ్మ దగ్గర సణిగేది.

అలాంటిది, స్టూడియో తీస్తున్న అన్నిటికన్నా పెద్ద సినిమాకు దర్శకుడు ఆమెను పిలిపించాడు. "కొడుకు పోయే సీనుకు మ్యూజిక్ పెట్టడం లేదమ్మా. హాలంతా నిశ్శబ్దం. నీ ఏడుపొక్కటే వినబడాలి." ఆ రోజు ఇంటికొచ్చి కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. ఎవరూ కిక్కురుమనకుండా తిన్నారు.

సరిగ్గా అప్పుడే గొంతు మొండికేసింది. బొంగురు పోయింది, ఉండుండి మాట మధ్యలో తెగిపోయేది. డాక్టరు లైటు వేసి చూసి లోపల కాయ లేచిందన్నాడు.

"కోసెయ్యాలి. కోశాక గొంతు ఎలా ఉంటుందో చెప్పలేను. అందాకా గట్టిగా మాట్లాడకండి, ఏడవకండి."

"ఏడవొద్దా?"

"మంచిదే కదమ్మా!"

"మీకు మంచిదేనయ్యా" అని చక్కా వచ్చేసింది.

"ముందు ఆపరేషన్ చేయించుకోవే అమ్మా, ఏడుపెక్కడికి పోతుంది?" అంది మా అమ్మ.

"అది ఎక్కడికి పోతుందో డాక్టరుకే తెలీదు, నీకు తెలుసా?"

ఇక మాట్లాడటం మానేసింది. ఉన్న కాస్త గొంతునూ బొట్టుబొట్టుగా దాచుకుంది. ఒక్క ఏడుపు చాలు. ఆ తర్వాత కోసుకుంటారో, పీక్కుంటారో వాళ్ళిష్టం.

డబ్బింగు రోజున బుగ్గలో దూది కుక్కుకుని బయల్దేరింది. కాయ సంగతి తెలిస్తే మైకు దగ్గరికి రానివ్వరని భయం.

"ఏం ఏడుపులమ్మా, పలకవు? అలిగావా?" అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్. పన్ను నొప్పన్నట్టు చెయ్యి చూపించింది. లోపల అసిస్టెంటు, "సంగతి తెలుసుగా అమ్మా?" అన్నాడు. ఏ ముక్క ముందు వేస్తారని అడగాలంటే గొంతు ఖర్చవుతుంది. తెలుసన్నట్టు తలూపింది.

దీపాలు ఆరాయి. తెరమీద పిల్లాడు నేలమీద వెల్లకిలా పడి ఉన్నాడు. తల్లి వాడి మీదికి వంగి, రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. భుజాలు ఎగురుతున్నాయి.

అమ్మమ్మ దూది ఉమ్మేసి ఏడ్చింది. ముందు ఊపిరి లోపలే చిక్కుకుంది. తర్వాత బావిలో చేదతాడు తెగినట్టు ఒక కేక. ఆపైన మాటా కాదు, రాగమూ కాదు, గుండె చెక్కుతీసినట్టు ఒక సన్నటి జీర. అద్దం వెనక ఇంజనీరు చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అసిస్టెంటు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చాడు. "అమ్మా... వాడు చావలేదు. చచ్చినట్టు పడుకుని అమ్మను ఆటపట్టిస్తున్నాడు. ఆవిడ నవ్వుతోంది. వాడు చచ్చేది తర్వాతి ముక్కలో."

హీరోయిన్ల నవ్వులు కూడా ఆమెవే. నవ్వుకైనా ఏడుపుకైనా భుజాలు ఒకేలా ఎగురుతాయి. శబ్దం తీసేస్తే దేవుడు కూడా పోల్చుకోలేడు. గదిలో అందరూ పడీపడీ నవ్వారు. అమ్మమ్మ మాత్రం గొంతు తడిమి చూసుకుంది.

అసలు ముక్క వేశారు. నోరు తెరిచింది. చిల్లుపడ్డ సైకిల్ ట్యూబులోంచి వచ్చినట్టు గాలి వచ్చింది. మళ్ళీ వేశారు. గాలే. వేణ్ణీళ్ళు తాగింది, గుండెలు బాదుకుంది, కళ్ళలోంచి నిజం నీళ్ళు కారుతున్నాయి గానీ గొంతులోంచి చుక్క ఏడుపు రాలేదు.

"పన్ను నొప్పి కాదమ్మా ఇది" అన్నాడు దర్శకుడు మెల్లగా. అసిస్టెంటు వైపు తిరిగి, "పక్క ఫ్లోరులో కొత్తమ్మాయి ఉంది, పిలువు" అన్నాడు.

అమ్మమ్మ మైకు స్టాండును వాటేసుకుంది, శవాన్ని కదలనివ్వని తల్లిలా. ఇంజనీరు వైపు చూసి రెండు వేళ్ళు కత్తెరలా ఆడించింది.

"ఏంటమ్మా? దాన్ని కోసి దీనికి అతకమంటావా?"

తలూపింది.

"నవ్వుకు ఏడ్చిన ఏడుపయ్యా అది, ఎలా అతుకుతుంది?" అన్నాడు దర్శకుడు.

"ఒక్కసారి చూద్దాం సార్. కుదరకపోతే ఆ అమ్మాయే ఏడుస్తుంది."

కోశాడు, అతికాడు, వేశాడు. తల్లి ఇక్కడా ముఖం చేతుల్లో దాచుకునే ఉంది. అయిపోయాక దర్శకుడు, "మళ్ళీ వెయ్యి" అన్నాడు. రెండోసారి చూసి ముక్కు చీదుకుని, "ఉంచు" అన్నాడు. కొత్తమ్మాయి వచ్చింది గానీ, మొదటి ముక్కలోని నవ్వు మాత్రం నవ్వి వెళ్ళిపోయింది.

ఆపరేషన్ అయ్యాక అమ్మమ్మకు మిగిలింది గుసగుసే. ఎండుటాకు మీద బల్లి పాకినట్టుండే గొంతు. స్టూడియో మళ్ళీ కబురు చెయ్యలేదు.

సినిమాకు ఇంటిల్లిపాదీ వెళ్ళాం. ఆ సీను వచ్చింది. ఒక్క వయొలిన్ లేదు. అమ్మమ్మ గొంతు చీకట్లో గోడ నుంచి గోడకు తిరిగింది. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు, వెనక ఎవరో పెద్దాయన బావురుమన్నాడు. అమ్మమ్మ ముందు కుర్చీ వీపును రెండు చేతులా పట్టుకుని, కొయ్యబారిపోయి చూస్తోంది. నేను వెక్కుతూనే ఆమె చెవిలో చెప్పాను: "అమ్మమ్మా, హాలు మొత్తం నీ వల్లే ఏడుస్తోంది."

"చివరి వెక్కు దగ్గర భుజం కలవలేదు" అంది గుసగుసగా. "ముక్కు తుడుచుకో."