ఖరిదాలో దొరికిన బోల్టులు

నా బండి ఇంజిన్‌ను చట్రానికి పట్టి ఉంచే బోల్టులు నాలుగు. చాలా ఏళ్ళుగా వాటి బరువు మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. మీకు చెప్పగలుగుతున్నానంటే మీరు నా బండిని చూడలేదు గనక. చూసి మెచ్చుకున్నవాళ్ళ ముందు ఈ మాట నోటికి రాదు.

ముందు బండి గురించి చెప్పనివ్వండి. ఆ గర్వం దాచిపెడితే మిగతాది కూడా అబద్ధంగానే వస్తుంది. రెండు సైలెన్సర్ల పాత మోటారు సైకిలు. విదేశీ నమూనా మీద మన దేశంలో తయారైంది, ఆ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ట్యాంకుకి ముదురు ఎరుపు రంగు నేనే వేశాను. చక్రాల ఊచలు ఒక్కొక్కటీ నేనే బిగించాను. చలికాలం పొద్దున కూడా రెండో కిక్కుకి అందుకుంటుంది. ఆదివారం చర్చి ముందు ఆపితే, వచ్చినవాళ్ళు ముందు దాని చుట్టూ తిరిగి, తరవాత ప్రార్థనకు వెళతారు. ఖరగ్‌పూర్‌లో ఇంత బాగా నడిచే ఇలాంటి బండి ఇంకొకటి లేదు. జీవితమంతా విలేకరిగా పనిచేసినవాణ్ణి. విచారించకుండా అనడం లేదు.

విచారించకుండా. ఆ మాట దగ్గరే ఆగిపోతాను.

ఆ బండి మార్తమ్మక్క భర్తది. పేరు మార్చాను. ఆమెకు మాత్రం తెలుస్తుంది. ఆయన నిమ్‌పురాలో రైలింజన్ డ్రైవరు. మా రెండు కుటుంబాలూ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చినవే. నేను సైకిలు మీద వార్తల కోసం తిరిగే రోజుల్లో ఆయన ఎన్నోసార్లు నన్ను వెనక ఎక్కించుకున్నాడు. ఆ ఇంజిన్ చప్పుడు నా వెన్నులోకి ఎక్కింది. అప్పుడే ఆశపడ్డానా? ఆయన బతికుండగానే? అవుననే అనుకుంటాను.

బండి బాగుచేద్దామని ఇంజిన్ కిందికి దింపిన వారంలోనే ఆయన గుండె ఆగిపోయింది. ఇంజిన్ వరండాలో గోనెపట్టా మీద, చట్రం గోడకు చేరగిలబడి, ఏడాదికి పైగా అలాగే ఉండిపోయాయి. బోల్టులు ఎక్కడ పెట్టాడో ఎవరికీ తెలియదు. కూతురు సలోమి అప్పుడు కాలేజీలో చదువుతోంది. నాన్న బండి నేనే నడుపుతానని పట్టుబట్టింది. ఆ ఇంట్లో ఆయన పోయాక అంత గట్టిగా వినిపించిన కోరిక అదొక్కటే.

మా ఊళ్ళో ప్రతి రైల్వే ఇంట్లోనూ ఒక డబ్బా ఉంటుంది. ఏళ్ళ తరబడి పోగైన నట్లూ బోల్టులూ. అన్నీ బొగ్గు ఇంజిన్ల నాటి అంగుళం కొలతవి. మాకు బోల్టంటే అంగుళమే. తల్లీకూతుళ్ళు ఆ డబ్బాలోంచి ఒకటి తీసి పెట్టి చూశారు. కంటికి సరిగ్గా అంతే లావు. రెండు చుట్లు తిరిగి పట్టేసింది. కొలతే వేరయి ఉంటుందని వాళ్ళకు తోచలేదు. ఇంజిన్‌లో బోల్టు దిగే మర చెడిపోయిందని భయపడి నన్ను పిలిచారు. యంత్రాలంటే నాకు పిచ్చి అని వీధి మొత్తానికి తెలుసు.

చట్రంలో తుప్పుపట్టి మిగిలిన పాత బోల్టు ఒకటి కనిపించింది. తీసి జేబులో వేసుకున్నాను. ఇంటికి వచ్చి లావు కొలిచాను. మర పళ్ళ మీద వాటి దూరం కొలిచే గేజి పెట్టాను. గేజి ఒక్క సందు లేకుండా కూర్చుంది. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు, ఒక మరకీ ఇంకో మరకీ మధ్య మిల్లీమీటరుంబావు. మిల్లీమీటరు బోల్టుల్లో అంతకంటే మామూలు కొలత ఉండదు. వాళ్ళు పెట్టి చూసిన అంగుళం కొలత బోల్టు లావులో దాదాపు అంతే అయినా మరల మధ్య దూరం ఎక్కువ. అందుకే పట్టేసింది. ఇంజిన్‌కి ఏమీ కాలేదు.

ఇంతే చెబితే సరిపోయేది.

వారం పోయాక వాళ్ళ వరండాలో కూర్చున్నాను.

“ఏటి తమ్ముడూ, ఏటైనా తేలిందా? మర పోయినాదా?” అంది మార్తమ్మక్క.

“మర బాగానే ఉందక్కా. కొలతే తేడా. ఆ దేశపోళ్ళు ఈ బండి కోసమే సేసుకున్న కొలత. ఇప్పుడెవరూ సెయ్యట్లేదు.”

సలోమి నవ్వింది. “ఊరందరి సంగతులూ పేపర్లో రాత్తావు గదా మామయ్యా, ఒక్క బోల్టు జాడ తియ్యలేవేటి?”

“అడిగినానమ్మా. గోల్‌బజార్లో అడిగినాను, ఖరిదాలో అడిగినాను. లేదన్నారు.”

“కలకత్తాలో?”

“అక్కడా అడిగించినాను.”

సలోమి లేచి లోపలికి వెళ్ళిపోయింది. మార్తమ్మక్క గోనెపట్టా మీది ఇంజిన్ వైపు చూస్తూ కూర్చుంది.

“ఠీక్ హై. దొరకనిదాని కోసం ఎన్నాళ్ళు సూత్తాం? నువ్వే అట్టుకుపో తమ్ముడూ. పాత ఇనపోడికిచ్చినానంటే మీ బావ సమాధిలోంచి లేసొచ్చి తిడతాడు. నువ్వైతే దాన్ని సూసుకుంతావు.”

నేను వద్దనలేదు. ఒక్కసారైనా అనలేదు.

బండిని రిక్షా బండి మీదికి ఎక్కిస్తుంటే సలోమి బయటికి రాలేదు.

ఝపటాపూర్‌లో మా ఇంటికి చేర్చిన మర్నాడు పొద్దున ఖరిదా బజారుకి వెళ్ళాను. ఇనప సామాన్ల కొట్టాయన లేవకుండానే పక్కనున్న పెట్టెలో చెయ్యి పెట్టాడు. “ఎయిట్ ఎం.ఎం.? కొతో లొంబా, దాదా?” అన్నాడు. ఎంత పొడవు కావాలో వేళ్ళతో చూపించాను. తల మీద గట్టిదనం చెప్పే అంకె ఉన్నవి ఏరుకున్నాను. కొంచెం పొడవయ్యాయి. కోసి, చివర్లు ఆకురాయితో సాపుచేసి, వేళ్ళతోనే తిప్పుతూ చివరిదాకా దింపాను. ఎక్కడా పట్టలేదు. అంత నున్నగా దిగాయి. ఇంజిన్ చట్రంలో కూర్చున్న ఆ క్షణం నా జీవితంలో సంతోషమైన వాటిలో ఒకటి. ఆ సంతోషంలో సలోమి ముఖం నాకు గుర్తే రాలేదు. తప్పు చేసినందుకంటే, ఆ రోజు అంత సంతోషంగా ఉండగలిగినందుకు నాకు ఎక్కువ భయం వేస్తుంది.

నేనెందుకలా చేశాను? వాళ్ళ వరండాలో అది తుప్పుపట్టిపోతుందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ బోల్టులు దొరికితే ఎందుకు తుప్పుపడుతుంది? ఆ పిల్ల నడిపేది. నాకంటే బాగా చూసుకునేదేమో. నా ఉద్యోగంలో నేను గొప్పగా చెప్పుకునేది ఒకటే. ఎవరినీ అడగకుండా అడిగానని ఏ వార్తలోనూ రాయలేదు. నిజమే, రాయలేదు. వరండాలో కూర్చుని చెప్పాను.

మార్తమ్మక్క ఇప్పటికీ చర్చి ముందు ఆగి కొంగుతో ట్యాంకు తుడుస్తుంది. “మా ఆయన బండే. మా తమ్ముడు బతికించినాడు,” అని కొత్తవాళ్ళకు చెబుతుంది. నేను తల దించుకుంటాను. వినయం అనుకుంటారు.

సలోమి ఇప్పుడు నిమ్‌పురాలో కరెంటు ఇంజిన్లు బాగుచేసే ఉద్యోగంలో ఉంది. యూనిఫారంలో ఆమె నడిచి వెళుతుంటే నాకు ఛాతీ పొంగుతుంది. ఆ హక్కు నాకుందా, తెలియదు. ఆమె పనిలో ఇప్పుడంతా మిల్లీమీటరే. మొన్న చలికాలంలో నా బండి పక్కన గొంతుక్కూర్చుని, బోల్టు తల మీద మసి బొటనవేలితో తుడిచి, మిల్లీమీటరు బోల్టుల మీద ఉండే ఆ అంకె చదివింది. ఎక్కడ దొరికాయని అడిగింది. కలకత్తాలో, చాలా వెతికిస్తే, అన్నాను. కాసేపు నా వైపు చూసి, చేతిరుమాలుతో వేలు తుడుచుకుని, అచ్చం వాళ్ళమ్మలాగే ఠీక్ హై అంది.

ఆమెకు తెలుసా? తెలిసే ఉంటుంది. మరి ఇప్పుడు బండి తాళం ఇచ్చేస్తానా? ఇవ్వాలి. ఇస్తానని ఇక్కడ రాయను. జరగని దాన్ని రాయడం అవుతుంది. ఆ బండి అంటే నాకు ఇంకా గర్వమే. ఇది చెప్పాక కూడా ఆ గర్వం తగ్గలేదు. తగ్గిందంటే అది మరో అబద్ధం.

సలోమి హిందీ బడిలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. మార్తమ్మక్క చదువుతుంది. బైబిలు చదివినట్టే, వరస కింద వేలు పెట్టుకుని, పైకి. ఇది అచ్చయ్యాక వాళ్ళింటికి తీసుకెళ్ళి ఇస్తాను. తల్లి చదువుతుంటే కూతురు వింటుంది. అందుకే చిన్న వాక్యాలు రాశాను. ఈ కింది చివరి వరస రాసేటప్పుడు, ఎన్నో ఏళ్ళ తరవాత, నా చెయ్యి తేలిగ్గా కదిలింది. క్షమించడం, మానడం వాళ్ళిష్టం.

అక్కా, ఆ బోల్టులు ఖరిదాలోనే ఉన్నాయి. అడిగినానని సెప్పినాను. అడగలేదు.