సీసా తెచ్చుకోవచ్చా అని అడిగినాయన

మొన్న మా చెల్లెలి కూతురి పుట్టినరోజుకని బెంగళూరులో ఒక పెద్ద రెస్టారెంటుకు వెళ్ళినప్పుడు, పక్క బల్ల దగ్గర కూర్చున్న నలుగురు ప్లాస్టిక్ సంచిలోంచి ఒక వైను సీసా తీసి బల్ల మీద టక్కున పెట్టి, వడ్డించే మనిషి ముఖమైనా చూడకుండా తెరవమన్నట్టు వేలు ఊపారు. అతనూ సీసా వైపు చూడకుండానే మూత పీకి, దాని రుసుము బిల్లులో కలపడానికి వెళ్ళిపోయాడు. మన సీసా మనం తెచ్చుకుంటే, తెరిచి గ్లాసుల్లో పోసినందుకు హోటలు వాళ్ళు తీసుకునే ఆ రుసుమును కార్కేజ్ అంటారు. నా జన్మలో ఒక్క చుక్క వైను ఎరగని నాకు ఆ మాట వినగానే ఎందుకంత గుండె దడ వస్తుందో మా వాళ్ళకు తెలియదు. ఆ పూట వాళ్ళకు చెప్పలేదు గానీ, ఇంటికొచ్చి పాత డైరీలు తీశాను.

అవి వరల్డ్ కప్పు కోసం దోహా అంతా తవ్వి పోసుకుంటున్న రోజులు. మెట్రో ఇంకా మొదలు కాలేదు. ముషైరిబ్ స్టేషను దగ్గర నేల కిందికి ఎంత లోతుకు పోయారో తొంగి చూద్దామన్నా అడ్డుగోడలే కనిపించేవి. కంపెనీ బస్సు మమ్మల్ని మేముండే నజ్మాలో ఎక్కించుకుని వెస్ట్ బేకు తీసుకెళ్ళేది, నిన్న వెళ్ళిన దారి ఇవాళ ఉండేది కాదు, అయినా ఆ గాజు మేడలు దూరం నుంచి కనబడగానే నేను చదువుతున్న పుస్తకం మూసేసి ప్రతిరోజూ కొత్తగా నోరు తెరుచుకుని చూసేదాన్ని. జగిత్యాల పక్క పల్లె నుంచి, హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, ఇరవై మూడేళ్ళకు అక్కడ దిగిన పిల్లకు అంత ఎత్తు చూసి అలవాటు పడడానికి ఏడాది పట్టింది.

మా హోటల్లో ఇరవయ్యో అంతస్తున ఉన్న రెస్టారెంటులో నా ఉద్యోగం. గుమ్మం దగ్గర నిలబడడం, ఫోను ఎత్తడం, ఎవరికి ఏ బల్లో పుస్తకంలో రాయడం, అంతే. బడిలో హాజరు పలకడానికే గొంతు పెగలని నాకు ఫోను పరవాలేదనిపించేది, అవతలి మనిషి ముఖం కనబడదు కాబట్టి. ఎదురుగా మనిషి ఉంటే మాత్రం చిరునవ్వుతోనే పని గడుపుకునేదాన్ని. మా హోటల్లో మందు దొరుకుతుందని ఎవరో చెప్పారట, కతారును కూడా దుబాయ్ అనే మా పెద్దమ్మ ఒకసారి ఫోన్లో, "దుబాయ్ పోయి కల్లు దుకాణంల కూసున్నవా బిడ్డా, గదేదో మన ఊరి దుకాణంలనే కూసోకపోయినవా!" అని నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ కల్లు దుకాణానికి పెద్ద, మేమంతా చాచా అని పిలిచే ఆయన. హైదరాబాదు పాతబస్తీ మనిషి, గల్ఫులో పాతికేళ్ళకు పైగా వడ్డించి మా రెస్టారెంటుకు కెప్టెన్ అయినవారు. ఐదు పూటలా నమాజు తప్పరు, చుక్క ముట్టరు. కానీ ఆయన సీసా తెరుస్తుంటే చూడాలి. పెళ్ళిచూపుల్లో పెద్దలు ఫోటో చూపించినట్టు, సీసా మీది చీటీ అతిథి వైపు తిప్పి, ఆయన తల ఊపేదాకా కదలకుండా నిలబడేవారు. తర్వాత చప్పుడు లేకుండా బిరడా తీసి, ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని, అప్పుడు గ్లాసులో గుటకెడు పోసి, మళ్ళీ ఆగేవారు. గొప్ప గొప్ప వాళ్ళు కూడా ఆయన చేతుల వైపు చూస్తూ మాటలు ఆపేసేవారు. తాగనివాళ్ళకు మంచి చెడ్డ ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను.

"కొబ్బరికాయ కొట్టకముందే ఊపి చూసి చెప్తరు గద బేటా మీ అమ్మోళ్ళు, గట్లనే. బిరడా వాసన చాలు. చెడిపోతే తడిసిన అట్టపెట్టె వాసనొస్తది."

ఆ రోజు నుంచి నేను వైను మర్యాదల మీద దొరికిన ప్రతి పుస్తకం చదివాను. సొంత సీసా తీసుకెళ్ళడం గురించి ఒక అధ్యాయమే ఉండేది. ముందు ఫోను చేసి అడగాలి. వాళ్ళ దగ్గర దొరికే రకం పట్టుకెళ్ళకూడదు. చవక రకం అసలే వద్దు. తెరిచిపెట్టిన మనిషికి ఒక గుటక రుచి చూడమని ఇవ్వజూపాలి. మా ఊళ్ళో కల్లుకు వెళ్ళేవాళ్ళు ఉడకబెట్టిన శనగల గుడాలు ఇంటి నుంచి మూట కట్టుకుపోవడమే తెలిసిన నాకు, లోకంలో ఇంత సున్నితం కూడా ఉంటుందా అని ఆశ్చర్యమేసి, అవన్నీ డైరీలో ఎత్తి రాసుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ముసలి గొంతు, యూరపు యాస. ఆయన ఇంజినీరు, వరల్డ్ కప్పు స్టేడియాల్లో ఒకదానికి పనిచేశారట, పని ముగిసింది, ఆ వారంలో దేశం వదిలి వెళ్ళిపోతున్నారు. సాయంత్రం ఇద్దరికి బల్ల కావాలి, ఒక సీసా ఉంది, తెచ్చుకోవచ్చా, తప్పయితే చెప్పమ్మా అన్నారు. నా పుస్తకంలోని మనిషే ఫోను చేసినంత సంతోషమైంది నాకు. తప్పకుండా తీసుకురండి సార్, మాకు ఆనందం అన్నాను. బుకింగు పుస్తకంలో ఆయన పేరు పక్కన అందంగా రాశాను కూడా, సొంత సీసా అని.

పొద్దు గూకాక మగ్రిబ్ నమాజు చేసుకుని వచ్చిన చాచా ఆ మాట చదివి, వేలు దాని మీద అలాగే ఉంచి, నా వైపు చూశారు. నేను చదివిన పుస్తకాలన్నీ వేరే దేశాల్లో రాసినవి. ఇక్కడ హోటలు అమ్మే మందు హోటల్లోనే తాగాలి. పర్మిటు మీద కొనుక్కున్నది ఇంట్లోనే తాగాలి. ఒకటి ఇంకొకచోటికి పోకూడదు. ఇది నాకు తెలియని సంగతి కాదు, చేరిన మొదటి రోజే సంతకం పెట్టిన కాగితంలో ఉన్నదే. పుస్తకంలోని ముచ్చట తలకెక్కి మరిచిపోయాను. ఆ ముందు వారమే మేనేజరు అందరినీ నిలబెట్టి, వరల్డ్ కప్పు దగ్గర పడుతోంది, ప్రతి కన్నూ మన మీదే ఉంది, మందు విషయంలో ఒక్క పొరపాటు జరిగినా చేసినవాళ్ళకు మర్నాడు ఇంటికి టికెట్టే అని చెప్పి ఉన్నారు.

అప్పటికే లిఫ్టు తలుపు తెరుచుకుని ఆ దంపతులు వస్తున్నారు. ఆవిడ చేతిలో ఉన్ని శాలువా చుట్టిన సీసా.

"చాచా, మీరు చెప్పండి," అన్నాను ఏడుపు గొంతుతో.

"తెమ్మన్న నోరు నీది, వద్దని చెప్పే నోరు నాదా?" అన్నారు చాచా. "యల్లా, నడువు బేటా. నువ్వే చెప్పాలె. నేను ఎనుకనే ఉంటా."

కిటికీ పక్క బల్ల దగ్గరికి నేను నడిచేసరికి, వాళ్ళు శాలువా విప్పి సీసాను బల్ల మీద పెట్టారు. తప్పు నాదని, తెమ్మన్నది నేనేనని, ఇక్కడ తెరవడానికి వీల్లేదని, నేల వైపు చూస్తూ చెప్పాను. ఆవిడే మెల్లగా చెప్పింది. స్టేడియానికి మొదటి గొయ్యి తవ్విన నాడు కొన్న సీసా అట, పైకప్పు పూర్తయ్యాక తెరుద్దామని దాచారట. ఇప్పుడు సామానంతా ఓడలో వెళ్ళిపోయింది, ఇంట్లో రెండు పెట్టెలు తప్ప తాగడానికి ఒక గ్లాసు కూడా మిగల్లేదు, అందుకే ఫోను చేశామంది.

ఇంతలో మేనేజరు వచ్చారు. బల్ల మీద సీసా, పక్కన చాచా. ఎవరు రానిచ్చారు దీన్ని అన్నారు, చూపు చాచా మీద పెట్టి. చాచా నోరు తెరవబోయారు. పాతికేళ్ళ మచ్చలేని ఉద్యోగం ఆయనది. నాది పద్నాలుగు నెలలు. నేను సార్, ఫోన్లో తెమ్మన్నది నేను, అన్నాను. అది ఎంత గట్టిగా వచ్చిందంటే చుట్టుపక్కల బల్లల వాళ్ళు తిరిగి చూశారు.

మేనేజరు నన్ను ఎగాదిగా చూసి, "నీకు మాటలొచ్చా?" అన్నారు.

అప్పుడు చాచా చేసిన పనిని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. సీసా ముందుకు వచ్చి నిలబడి, ముట్టుకోకుండా, దాని చీటీని తల వంచి చదివారు. తెరవబోయే సీసాకు ఎంత మర్యాద చేసేవారో ఈ తెరవకూడని సీసాకూ అంతే. ఇది మా దగ్గర లేని రకం సార్, ఎంతో ఎంచి తెచ్చారు, అన్నారు. దాన్ని శాలువాతో సహా కారులో పెట్టి రమ్మని ఆ దంపతులకు చెప్పి, వాళ్ళు వచ్చాక భోజనం వడ్డించారు, తాగడానికి దానిమ్మ రసం పోసి. వాళ్ళు లేవబోతుండగా మేనేజరును అడిగి, ఆయన ఎదురుగానే, రెండు పొడుగుకాడ గ్లాసులూ బిరడా తీసే మరా తెల్లటి నేప్‌కిన్‌లలో చుట్టి ఆవిడ చేతికిచ్చారు. సీసాను ఇక్కడికి రానివ్వలేకపోయాం, మా గ్లాసులే మీ ఇంటికి వస్తాయి, తెరిచాక అరగంట ఆగి తాగండి అన్నారు. ఆ పెద్దాయన లేచి నిలబడి, రెండు చేతులతో చాచా చెయ్యి పట్టుకున్నారు. మా మేనేజరు కిటికీ వైపు తిరిగి అవతల క్రేన్ల దీపాలు చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు ఆవిడ ఒక్కతే వచ్చింది. గ్లాసులు కడిగి, నేప్‌కిన్‌లు ఇస్త్రీ చేసి తెచ్చింది. తెరిచే మనిషికి ఒక గుటక మిగల్చడం మా ఆనవాయితీ, నిజంగానే మిగిల్చాం, తీరా మీ రూలు గుర్తొచ్చి దాన్నీ మేమే తాగేశామని చెప్పి నవ్వింది. చాచా గుండె మీద చెయ్యి వేసుకుని, నా వంతు మీరు తాగడమే మేలమ్మా అన్నారు.

నాకు టికెట్టు రాలేదు. ఫోను ఎత్తే పని మాత్రం తీసేశారు. రెండు నెలలు వెనక గదిలో నేప్‌కిన్‌లు మడతపెట్టాను. ఆ సాయంత్రం గురించి నా డైరీలో ఉన్నది ఒక్క వాక్యమే: ఈరోజు గట్టిగా మాట్లాడాను.

చాచా పోటీలు మొదలుకాకముందే పాతబస్తీకి తిరిగి వెళ్ళిపోయారు. లోకమంతా దోహాకు వచ్చిన ఆ నెల రోజులూ గుమ్మం దగ్గర నిలబడి చూసినదాన్ని నేను. ఆ స్టేడియం కట్టిన పెద్దాయన టీవీలో చూసి ఉంటారు. ఇప్పుడు బల్ల కావాలంటే ఎవరూ ఫోను చేయనక్కర్లేదు. ఏది తేవచ్చో ఏది తేకూడదో తెర మీదే రాసి ఉంటుంది, నొక్కితే సరిపోతుంది, నాలాంటి పిరికి పిల్ల తప్పు చెప్పే అవకాశమూ లేదు. మంచిదే. కానీ ఒక మనిషి అంత సంకోచంతో అడగడం, ఆయనకు ఎదురుగా నిలబడి కాదని చెప్పవలసి రావడం, చెప్పాక ఆయన్ని వట్టి చేతులతో పంపలేక ఇంకొక మనిషి ఇవ్వదగ్గదేదో వెతుక్కోవడం, ఇవి ఆ తెర మీద ఎక్కడ జరుగుతాయో నాకు తెలియడం లేదు.