బండ పేల్చే ముందు వినపడాల్సిన మాట

డెబ్బైల తొలి ఏళ్లలో, పటాన్‌చెరు దగ్గర కడుతున్న ఒక కర్మాగారంలో నన్ను ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా వేశారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అప్పటికి ఆరు నెలలు. పునాదుల కోసం బండలు పేల్చేవారు. పేల్చే ముందు మైకు కట్టిన జీపు పక్కనున్న లక్డారం ఊరి వైపు పొలాల వెంట తిరిగి హెచ్చరించాలి. ఆ మైకు బాధ్యత నాది.

ఒకరోజు జీపు తిరిగి వచ్చాకే పేల్చారు. అయినా మేకలు కాస్తున్న బాలమణి పాదం మీద రాయి పడి రెండు వేళ్లు నలిగాయి. మైకు వినపడలేదా అని ఆస్పత్రిలో ఆమెను అడిగాను.

"సప్పుడు ఇనొచ్చింది సారూ. మాట సమజ్ కాలే. సిన్మా బండి అనుకున్న," అంది.

కొత్త మైకు వచ్చేదాకా పేలుళ్లు ఆపేశారు. మూడు కొటేషన్లు తెప్పించి, పోల్చి చూపే పట్టిక తయారు చేసి, ఏది కొనాలో సిఫారసు రాయడం నా పని. ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగారు అరవై వాట్ల వాల్వు ఆంప్లిఫయర్ వైపు మొగ్గారు. గంభీరంగా మోగడానికి చెక్కపెట్టెలో పెద్ద స్పీకరు కూడా ఉండాలన్నారు. ఇప్పుడు కార్ల వెనక పెట్టించుకునే సబ్‌వూఫర్‌కు అది తాత లాంటిది. నాకూ అదే సబబనిపించి సిఫారసు సగం రాసేశాను.

పరీక్షకు తెప్పించిన రెండు సెట్లు జీపుకు బిగించి చూడడానికి పటాన్‌చెరు బజారులో రేడియోలు బాగుచేసే ఖాజా మియాను పిలిచాం. ఏభై ఏళ్ల మనిషి, బడికి వెళ్లింది తక్కువ. నా పట్టికను పక్కన పెట్టి, "ఇనేటోళ్లు ఎవరు సాబ్?" అని అడిగాడు. బాలమణి సంగతి చెప్పాను.

"అయితే ఆ అమ్మనే పిలుద్దాం. వాట్లు మనకెందుకు?"

కాలు మానాక ఆమె వచ్చింది. ఆమెను పొలానికి అవతలి గట్టున కూర్చోబెట్టి, విన్నది విన్నట్టు చెప్పమన్నాడు. రాసుకోవడానికి నేను పక్కన కూర్చున్నాను. జీపు దగ్గర డ్రైవరు నా ప్రకటన చదివాడు.

ముందు వాల్వు సెట్టు పెట్టారు. దానికి బ్యాటరీ ఆనదు కాబట్టి ఇంజను నడుస్తూనే ఉండాలి. ఆ రొద మైకులోకి దూరింది. పెద్ద స్పీకరు గుమ్మని మోగి మాటల్ని మింగేసింది. బాలమణి తల అడ్డంగా ఊపింది. తర్వాత ముప్పై వాట్ల ట్రాన్సిస్టర్ సెట్టు. దానికి బ్యాటరీ చాలు కాబట్టి ఇంజను ఆపేశారు. ఖాజా చెక్కపెట్టె తీసేసి గరాటుల్లాంటి రెండు హారన్ స్పీకర్లే ఉంచాడు. శబ్దం చిన్నదైంది, అక్షరాలు మాత్రం విడివిడిగా వచ్చాయి. పని అయిపోయిందనుకున్నాను.

"మాటలైతే సక్కగ ఇనొస్తున్నయి సారూ," అంది బాలమణి. "గాని విస్ఫోటనం అంటే ఏంది?"

ఆ ప్రకటన రాసింది నేనే. నాకు ముఖం చెల్లలేదు. పొలం దాటి వెళ్లి ఖాజాకు చెప్పాను. అతను నవ్వలేదు. డ్రైవరు చేతిలోని మైకు తీసుకున్నాడు.

"బండ పేలుస్తున్నరు! మేకల్ని తోలుకొని ఊరి దిక్కు పోన్రి! జల్దీ పోన్రి!"

తిరిగి చూసేసరికి, అది పరీక్షేనని తెలిసి కూడా, బాలమణి లేచి కుంటుకుంటూ ఊరి వైపు నడుస్తోంది.

తక్కువ వాట్లది ఎందుకో కారణం రాసివ్వమన్నారు ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగారు. బాలమణి అన్న మాటలు ఉన్నవున్నట్టు రాసిచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, పట్టికలో చెక్కపెట్టె అన్న మాటను తన కలంతోనే కొట్టేసి సంతకం చేశారు. పునాదులు పూర్తయ్యేదాకా జీపు ఖాజా మాటలే పలికింది. మళ్లీ ఎవరికీ దెబ్బ తగల్లేదు.

తర్వాత ఉద్యోగంలో ఏ పరికరం కొనాల్సి వచ్చినా, అది ఎవరి కోసమో వాళ్ల పక్కన కూర్చుని దాని పనితీరు చూశాకే సిఫారసు రాశాను.