పద్నాలుగో, పదిహేడో

సారు పోయిండని మొన్న చాయ్ హోటల్ల చెప్తే నేను నవ్విన. మందిని ఆటపట్టిచ్చుడు నా విద్య, దాన్ని ఎవడో నా మీదికే తిప్పికొడుతున్నడనుకున్న. సారింటికి పోయి చూస్తే నిజమే. వాకిట్ల మంది ఉన్నరు. నా మొకం మీద నవ్వు ఇంకా పోలే. దాన్ని ఎట్ల తీసెయ్యాల్నో తెల్వక జరసేపు గోడ దిక్కు తిరిగి నిలబడ్డ.

నల్లగొండల రెండు గదులు కిరాయికి తీసుకొని సారు పరిశోధన చేసేటోడు. నేను ఆడ అటెండర్ని. సీసాలు కడుగుడు, చీటీలు అంటించుడు నా పని. ఆయన చేసేదేందో ఇప్పటికీ సగమే సమజైంది. క్షయ క్రిమిల ఉండే ప్రోటీను పొడుగు దండ లెక్క ఉంటదట. దాన్ల నుంచి పదిహేను పూసల తునకలు ఏరి, వేరేకాడ తయారు చేయించి తెప్పిస్తడు. వాటినే పెప్టైడ్లంటరు. మన రక్తంల టీ కణాలని కావలి కణాలుంటయి. వాటి ఒంటి మీది పట్టు ఏ తునకను అందుకుంటదో చూడాలె. అందుకున్న కణం పెరుగుతది. అప్పుడు ఆ పట్టు ఎసొంటిదో చదవొచ్చట.

"అంటే కోడిని దాచిపెట్టి, ఈక చూపిచ్చి, ఇది ఏ కోడిదో చెప్పుమంటున్నం," అన్న నేను.

"గంతేనయ్యా. కాని ఏ ఈక చూపియ్యాల్నో ఏరనీకే నాకు నెల పట్టింది."

నిజమే, పెన్సిలు చెవికి చెక్కుకొని ఏరుతనే ఉండేటోడు. నీళ్లల్ల కరగని మొండి తునకకు ముందుగాల ఘాటు మందు ఒక్క చుక్క, తర్వాతనే నీళ్లు. మూతకంటిన పొడి అడుగుకు దిగాలని సీసాను మిషన్ల గిర్రున తిప్పాలె. "ముందు తిప్పు, తర్వాత తెరువు" అని ఒకటే పాట. "కండ్లను నమ్మకు, చీటిని నమ్ము" అని ఇంకోటి.

నేను కండ్లనే నమ్మిన. వచ్చిన సీసాలల్ల ఒకదాన్ల ఏం కనవడలే. పంపినోడు సారును ముంచిండనుకున్న. ఈయన పట్టుకుంటడా లేదా చూద్దామని దాన్ని మంచిగ కడిగి, నల్లా నీళ్లు పోసి, మూత బిగించి వరుసల పెట్టిన.

ఆరు దినాలకు సారు లెక్క రాసిండు. మూడు తునకలకు కణాలు పెరిగినయి, తక్కినయి సున్నా.

"సారూ, ఆ సున్నాలల్ల ఒకటి నల్లా నీళ్లు. దొరకవట్టలేకపోతిరి!" అన్న ఈల వేసుకుంట.

సారు పెన్సిలు కింద పెట్టిండు. "అది ఖాళీ సీసా కాదయ్యా. పొడి గాజుకు పొర లెక్క అంటుకొని ఉంటది, కనవడది. ఏ నంబరు?"

నేను సీసాల వరుస దిక్కు చూసిన, యాదికి రాలే. "పద్నాలుగో... పదిహేడో..."

తిట్టలే. రెండూ మళ్ల తెప్పిచ్చిండు. కాని కణాలు తీసిన రక్తం అయిపోయింది. అది కేతేపల్లి దిక్కు గొర్లు కాసే ముసలాయనది. క్షయ వచ్చి తగ్గినోడు. ఒక్కసారే అని మాట తీసుకొని ఇచ్చిండు. ఇంకొకరి కణాలకు పట్టు వేరే ఉంటదట. ఆయన కాదంటే ఆ రెండు తునకల సంగతి ఎన్నటికీ తేలది.

ఇద్దరం పోయినం. తప్పు నాదని ముసలాయనకు చెప్తడేమోనని దారి పొడుగునా నాకు గుబులు.

"ఒక్కసారే అంటివి గద సారూ?"

"అన్నమాట నిజమే పెద్దయ్యా. నా తాన తప్పయింది. మల్లోపారి కావాలె. ఇయ్యనంటే ఊకనే పోత."

ముసలాయన నన్ను ఎగాదిగా చూసిండు. "మరి ఈయనెందుకు?"

"చీటీలు అంటిస్తడు. మంచిగ అంటిస్తడు."

నేను భూమిలకు దిగిపోయిన. ముసలాయన గొంగడి జరిపి చెయ్యి చాపిండు. "తీస్కో. గొర్లే సాలుకు రెండుమాట్ల ఉన్ని ఇస్తున్నయి."

తీరా చూస్తే రెండు తునకలూ సున్నాయే. నేను ఎగిరిన. "చూసిండ్రా, నా నీళ్లు అబద్ధం చెప్పలే! ఉత్తగనే తిరిగినం."

"అప్పటిది నల్లా సున్నా. ఇప్పటిది మన సున్నా" అని సారు సంబురపడ్డడు. సున్నాకు సంబురపడే మనిషిని మళ్ల చూడలే. నన్నెందుకు తిట్టలేదో, తప్పు తన మీద ఎందుకేసుకున్నడో అడుగుదామనుకుంటనే ఏండ్లు గడిచినయి. ఇగ ఎవర్ని అడగాలె?

కండ్లు మూస్తే మేం తిరిగొచ్చిన బస్సే కనవడుతది. చలి పొద్దు. కూసునే జాగ లేదు. రక్తం సల్లవడొద్దని సీసా అంగీ లోపల పెట్టుకొని, రెండు చేతులూ దాని మీదనే అదిమిపట్టిండు సారు. పైన కడ్డీ పట్టుకోలే. బస్సు కుదిపినప్పుడల్లా మనిషి మొత్తం వచ్చి నా మీద పడేటోడు. నేను రెండు చేతులతోని కడ్డీ పట్టుకొని, కాళ్లు ఎడంగ పెట్టి, నల్లగొండ దాకా అట్లనే నిలబడ్డ.