అడక్కుండా వేసుకునే చెక్కు

పొద్దున్న కాఫీ కలుపుకుంటుంటే ఫోన్ టింగుమంది. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో ఉండాల్సినంత డబ్బు ఉంచలేదట, అందుకని నాలుగొందల చిల్లర కోసుకున్నామని బ్యాంకువాళ్ళ మెసేజి. నిజానికి తిట్టుకోవాల్సిన సంగతి. నాకేమో నవ్వొచ్చింది. మా మేనత్త గుర్తొచ్చింది. ఆవిడకి గనక ఈ మెసేజి వచ్చి ఉంటే ఈపాటికి చెప్పుల్లో కాళ్ళు పెట్టేసి, "పదవే, కోసుకున్నదెవరో మొహం చూసొద్దాం" అనేది.

మా అత్తకి కృష్ణానగర్‌లో సినిమా బట్టల దుకాణం ఉండేది. అమ్మే దుకాణం కాదు; కుట్టించి షూటింగులకి అద్దెకిచ్చేది. మావయ్య మేకప్ మనిషి కావడంతో నెలలో ఇరవై రోజులు ఏదో ఒక ఊళ్ళో ఎవరో ఒకరి మొహం దగ్గర ఉండేవాడు, కాబట్టి దుకాణం పూర్తిగా అత్తదే. డాబా మీద ఒకే తాడుకి వరసగా ఇన్‌స్పెక్టరు, పెళ్ళికొడుకు, యముడు, ఇద్దరు నర్సులు ఆరుతూ ఉండేవారు. హైటెక్ సిటీలో నాకు మొదటి ఉద్యోగం వచ్చిన కొత్త. ఆ డాబా మీది గదిలోనే ఉండేదాన్ని. ఆఫీసు బస్సు కోసం హడావుడిగా దిగుతూ యముడి పట్టుపంచె మొహాన తగిలించుకోని రోజు లేదు. జీతం మాత్రం మా ఇంట్లో అంతవరకూ ఎవరూ చూడనంత వచ్చేది. దానితోపాటు అన్నీ నాకే తెలుసన్న నమ్మకం కూడా వచ్చేసింది. ఆ వయసులో అది జీతం కంటే తొందరగా పెరుగుతుంది.

సినిమావాళ్ళ చెక్కులకి ఒక మర్యాద ఉంది. చేతికిచ్చారు కదా అని బ్యాంకుకి పరిగెత్తకూడదు. దాని మీద వేసిన తేదీ ఉత్త అలంకారం. ఆ తేదీ వచ్చాక ప్రొడక్షన్ మేనేజరుకి ఫోన్ చేసి, "సార్, వేసుకోమంటారా?" అని అడగాలి. "ఇంకో వారం ఆగండమ్మా, ఫైనాన్షియర్ గారు ఊళ్ళో లేరు" అంటే ఆగాలి. అడక్కుండా వేస్తే చెక్కు తిరిగొస్తుంది సరే, పైగా తప్పు వేసినవాళ్ళ మీదకే వస్తుంది. "ఒక్క మాట అడగొచ్చుగా?" అని వాళ్ళే నొచ్చుకుంటారు. అలా అనుమతి కోసం ఎదురుచూసే చెక్కులు అత్త దగ్గర ఒక బిస్కెట్ డబ్బా నిండా ఉండేవి. కానీ అత్త చేత్తో రాసిచ్చే చెక్కుకి ఈ గొడవ లేదు. గుడ్డ అమ్మే సేటు గానీ, జరీ అంచులవాడు గానీ తీసుకున్న రోజే వేసుకోవచ్చు. ఇరవై ఏళ్ళలో ఒక్కటంటే ఒక్కటి తిరిగి రాలేదు. నగల గురించి గానీ చీరల గురించి గానీ ఎప్పుడూ గొప్పలు చెప్పుకోని మనిషికి ఈ ఒక్క విషయంలో ఉన్న గర్వం అంతా ఇంతా కాదు.

ఇందులో సగం ఘనత శ్రీనగర్ కాలనీలో ఆవిడ ఖాతా ఉన్న ప్రభుత్వ బ్యాంకుది. మేడ మీద ఇరుకు హాలు, గాలి తక్కువా చప్పుడు ఎక్కువా అయిన ఫ్యాన్లు, పాస్‌బుక్కు అచ్చువేసే మెషినుకి ఏడాదిలో తొమ్మిది నెలలు జబ్బు. అయితే అక్కడ కళ్ళజోడు ముక్కు చివరికి జారేసుకుని కూర్చునే ఆఫీసరొకాయన ఉండేవాడు. అత్త ఖాతాలో ఎప్పుడైనా కాస్త తక్కువ పడితే దుకాణానికి ఫోన్ చేసేవాడు. "అమ్మా, మీ చెక్కొకటి వచ్చిందండీ, ఎనిమిదొందలు చాలట్లేదు, రెండింటిలోపు వస్తారా?" అత్త ఆటో ఎక్కి వెళ్ళి కట్టేసి, ఆయన్ని మొహమాటపెట్టి ఒక అరటిపండు తినిపించి వచ్చేది. బ్యాంకంటే ఇంతేననుకునేది ఆవిడ.

నేనూరుకోలేదు. నా జీతం పడే బ్యాంకు జూబ్లీ హిల్స్‌లో అద్దాల భవనంలో ఉండేది. లోపల చలి, తలుపు తీసి నమస్కారం పెట్టే మనిషి, బల్ల మీద గిన్నె నిండా చాక్లెట్లు. అత్తని మూణ్ణెల్లు పోరాను. చివరికి ఆ బ్యాంకు నుంచి మెడలో టై కట్టుకున్న అమ్మాయి దుకాణానికే వచ్చింది. యముడి కిరీటం పక్కకి జరిపి, బట్ట కత్తిరించే బల్ల మీద ఫారం పరిచింది. నింపింది నేనే. వెనక మూడు పేజీల నిండా చీమల బారు లాంటి ఇంగ్లీషు. సంతకం పెట్టబోతూ అత్త, "ఇందులో ఏముందే?" అంది. "ఏం లేదత్తా, మామూలు రూల్సే. నేను చదివాను" అన్నాను.

చదవలేదు.

కొన్ని నెలలు బాగానే గడిచింది. ఏటీఎం గదిలో చల్లగా ఉంటుందని ఎండాకాలంలో పని లేకపోయినా వెళ్ళి వంద రూపాయలు తీసుకొచ్చేది అత్త. ఈలోగా మా మాస్టరుకి ఇల్లు కుదిరింది. మాస్టరంటే కటింగ్ మాస్టరు, హైదరాబాద్ మనిషి, అత్త దగ్గర పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాడు. బోరబండలో రెండు గదుల ఇల్లు. మా ఆఫీసుల పుణ్యమా అని ఆ రోజుల్లో ఎక్కడ చూసినా ధర సోమవారం ఒకటీ శనివారం ఒకటీ ఉండేది. శుక్రవారం సాయంత్రంలోగా నలభై వేలు బయానా ఇవ్వకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని ఇంటామె ఖరాఖండిగా చెప్పేసింది. పుట్టినప్పటి నుంచీ కిరాయి ఇళ్ళే మార్చిన మనిషికి అంతకంటే పెద్ద గడువు ఏముంటుంది? అత్త ఖాతాలో అప్పుడు నలభై వేల వంద రూపాయలున్నాయి. ముందూ వెనకా చూడకుండా నలభై వేలకి చెక్కు రాసిచ్చింది. ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ మాస్టరు, "ఎప్పుడు వేసుకోమంటరమ్మా?" అని అడిగాడు. అత్త మొహం ఎర్రబడింది. "అది సినిమా చెక్కు కాదు మాస్టరూ, నా చెక్కు. ఇప్పుడే వెళ్ళి వేసుకోండి" అంది.

శుక్రవారం పదకొండింటికి మాస్టరు బ్యాంకు నుంచి తిరిగొచ్చాడు. ఆ రోజు నేను సెలవు పెట్టాను, బయానా ఇచ్చాక అందరం బిర్యానీ తినాలని. గొంతు పెంచలేదాయన. చెక్కునీ దానికి గుచ్చిన చీటీనీ బల్ల మీద పెట్టాడు. "అమ్మా, గిది వాపస్ వచ్చింది. ఖాతల పైసల్లేవని రాసిన్రు. నేనే జల్ది వేసిన్నా ఏంది?" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే అత్త తట్టుకునేదేమో. తనే తొందరపడ్డానేమోనని, సినిమావాళ్ళ దగ్గర నేర్చుకున్న మర్యాదంతా తెచ్చి ఆవిడ ముందు పెట్టేసరికి, అత్త ఆ చెక్కునీ చీటీనీ మడిచి కొంగున ముడేసుకుంది. "మీరు బోరబండ వెళ్ళి ఇంటామెని సాయంత్రం దాకా ఆపండి. డబ్బు పట్టుకుని నేనొస్తాను" అని నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

అద్దాల బ్యాంకులో అదే టై అమ్మాయి. చాలా మర్యాదగా చెప్పింది. ఈ ఖాతాలో ఎప్పుడూ పదివేలకు తగ్గకుండా ఉంచాలట, మధ్యలో కొన్నాళ్ళు ఉంచలేదు కాబట్టి మూణ్ణెల్లకోసారి కోసేది ఏడొందల యాభై కోశారట, దాంతో చెక్కుకి చాలక వెనక్కి పంపారట, పంపినందుకు ఇంకో మూడొందల యాభై. "సిస్టమ్ ఆటోమేటిక్‌గా కట్ చేస్తుంది మేడమ్" అంది. "అయితే ఆ సిస్టమ్ గారినే పిలువమ్మా, ఆయనతోనే మాట్లాడతాను. ఫోన్ చేసి ఒక్క మాట చెప్పడానికి ఆయనకి నోరు లేదా?" అంది అత్త. పాపం ఆ అమ్మాయి ఏం చేస్తుంది? ఫారం తీసి మూడో పేజీ చూపించి, "ఇందులో ఉందండీ. నింపినవాళ్ళు చదివారనుకున్నాం" అంది. నింపిన దస్తూరీ నాది. సంతకం ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టింది కూడా నేనే. అత్త ఆ కాగితం వైపు చూసింది, ఒక్కసారి నా వైపు చూసింది. "చదివే ఉంటార్లేమ్మా. ఖాతా మూసేసి ఉన్నదిచ్చెయ్" అంది. మూసినందుకు ఐదొందలట. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మొత్తానికి చేతికొచ్చింది ముప్ఫై ఎనిమిది వేల ఐదొందలు. మిగతా పదిహేనొందలూ బయటి ఏటీఎంలో నా జీతంలోంచి తీశాను. అత్త ఆ నోట్లు కూడా లెక్కపెట్టి సంచీలో వేసుకుంది.

బోరబండకి ఆటోలో అరగంట. డబ్బు సంచీ ఒళ్ళో పెట్టుకుని అత్త రోడ్డు చూస్తూ కూర్చుంది. ఫలానా మలుపులో మామిడికాయలు బాగుంటాయంది, మాస్టరు కొత్తింటికి ఏ రంగు కర్టెన్లు కుట్టిద్దామంది. నేను మాత్రం చెప్పాలా వద్దా అని లోపల నలిగిపోతున్నాను. ఆవిడకి తెలిసిపోయిందని నాకు తెలుసు. తెలిసినా అనకపోవడంతో నాకు తప్పించుకునే దారి ఒకటి తెరిచి ఉంది. నెపం బ్యాంకు మీద పెట్టేస్తే ఎవరూ కాదనరు. సిగ్గు విడిచి చెబుతున్నాను, దాదాపు ఆ దారే పట్టాను.

ఇంటామె అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన మాస్టరు, తనని పిలవని పెళ్ళికి వచ్చినవాడిలా ఒదిగి నిలబడ్డాడు. ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టుకుని, "సరే, ఇల్లు మీదే" అంది. మాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు. "అమ్మా, బ్యాంకోళ్ళు ఎంత పని జేసిన్రు సూడు" అన్నాడు. అత్త ఔననలేదు, కాదనలేదు. అప్పుడు అన్నాను: "బ్యాంకువాళ్ళు కాదు మాస్టరుగారూ. తప్పు నాది. కాగితం చదవకుండా చదివానని చెప్పాను." మాస్టరు, "పోనియ్ బిడ్డా, ఇల్లయితే దొరికింది గద" అని నవ్వేశాడు. అత్త సంచీ దులుపుకుంటూ, "ఆటో ఎక్కిన దగ్గర్నుంచీ ఎదురుచూస్తున్నాను, ఇంతసేపు పట్టిందేమే?" అంది. అంతే. ఆ తర్వాత బిర్యానీ తిన్నాం. అంత రుచైన బిర్యానీ నేను మళ్ళీ తినలేదంటే అబద్ధమవుతుంది గానీ, అంత తేలిగ్గా మాత్రం తినలేదు.

సోమవారం అత్త మళ్ళీ శ్రీనగర్ కాలనీ మెట్లెక్కింది. ఆఫీసరుగారు కళ్ళజోడు పైకి తోసుకుని, "రండమ్మా, ఫ్యాను కింద కూర్చోండి" అన్నాడు, ఎక్కడికెళ్ళారని అడక్కుండా. తర్వాత నాకు చాలా ఆఫీసులు మారాయి, ఖాతాలు అంతకంటే ఎక్కువే మారాయి. ఇప్పుడు నా కింద పాతికమంది పిల్లలు పనిచేస్తున్నారు. వాళ్ళలో ఎవరో ఒకరు చదవకుండా చదివామంటారు, దొరికిపోతారు, తల దించుకుని నా ఎదురుగా కూర్చుంటారు. నేను వెంటనే ఏమీ అనను. కాసేపు కర్టెన్ల గురించో మామిడికాయల గురించో మాట్లాడతాను. వాళ్ళంతట వాళ్ళే చెప్పేదాకా వాళ్ళకిచ్చే ఆ కాస్త సమయం నాది కాదు, మా అత్త నాకిచ్చిన అరగంటలోంచి తీసి ఇస్తున్నదే. ఇన్నేళ్ళుగా ఇస్తున్నా అదింకా తరగలేదు.