దిష్టి ముక్క

పాత చీర పారేయడం మా ఇంట్లో లేదు. చిరిగిన మేర తీసేసి, మిగిలిన గుడ్డను చదరాలుగా కత్తిరించి బొంత కుడతాను. నడుమ ఒక పువ్వు. ఒక మూలలో ఎక్కడ ఏ ముక్క వేస్తే, మిగతా మూడు మూలల్లోనూ అక్కడ అదే ముక్క రావాలి. ఒక్కచోట మాత్రం కావాలనే తప్పిస్తాను. అన్నీ సరిగ్గా కుదిరితే దిష్టి తగులుతుందని మా అమ్మ నేర్పింది. ఎరుపు ఉండాల్సిన చోట, చూసేవాళ్లకు తేడా తెలియనంత దగ్గరి ఎరుపు వేస్తాను. అది ఎక్కడుందో ఎవరికీ చెప్పను.

మనవరాలు సేలంలో కంప్యూటర్ చదువు ముగించి ధర్మపురికి వచ్చింది. మళ్లీ అక్కడికే పోయి పరిశోధన చేస్తానంది. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో నేను కాదంటే కోడలు కూడా నోరెత్తదు.

"హోసూరు కంపెనీలో పనికి పిలిచినారు. పో. చదివింది చాలు."

"నేనేం చేస్తానో ఒకసారి చూడవ్వా. ఆమీద కాదను."

కంప్యూటర్ తెరిచింది. తెర మీద చిక్కుపడిన నూలు ఉండలాంటి బొమ్మ. కంటికి కనిపించని ఏదో క్రిమి లోపలి ఆకారమట. ఆమె ఒక మీట నొక్కగానే, ఒకే రూపమున్న ముక్కలన్నీ ఒకే రంగుకు తిరిగాయి. చిక్కు కాస్తా అయిదు రేకుల పువ్వయింది.

"రంగులు పూసేదానికి ఇంకా చదువా?"

"పూసేది కాదవ్వా, కనిపెట్టేది. ఏది దేనికి జతో, జత ఎక్కడ తప్పిందో నేను రాసిన ప్రోగ్రామే చూసుకుంటుంది. మందు కనుక్కునేవాళ్లకు ఆ తప్పిన చోటే కావాల."

"అట్లయితే నా బొంతలో ఎక్కడ తప్పిందో చూపించమను. చూపిస్తే సేలం. లేదంటే హోసూరు."

మిద్దె మీద ఎండబెట్టిన చింతపండును పక్కకు తోసి బొంత పరిచింది. స్టూలెక్కి ఫోటో తీసింది. నీడ పడిందని మళ్లీ తీసింది. కాసేపటికి తెర మీద బొంత కనిపించింది, దాని మీద రెండు సున్నాలు.

"నేను పెట్టింది ఒకటే. ఇది రెండు చూపిస్తా ఉంది. హోసూరుకే పో."

పిల్ల ముఖం వాడిపోయింది. చింతపండు ఎత్తుతున్న కోడలు తల పైకెత్తకుండానే అంది: "రెండోది చూడకుండానే ఎట్ల చెప్తారత్తా?"

అద్దాలు పెట్టుకుని బొంత మీదికి వంగాను. మొదటి సున్నా ఉన్న చోట నా దిష్టి ముక్కే ఉంది. రెండో చోట ఆకులు అచ్చువేసిన పసుపు ముక్క. మిగతా మూడు మూలల్లో ఆకుల కొనలు పువ్వువైపు చూస్తున్నాయి. ఇక్కడ బయటికి తిరిగాయి. తలకిందులుగా కుట్టేశాను. ఇన్నేళ్లు కప్పుకున్నాం, ఉతికాం, ఆరేశాం. నా కంటికే ఆనలేదు.

వేలితో ఆ ఆకులు తడుముతూ కూర్చున్నాను.

"విప్పి కుడతావా అవ్వా?"

"దారం దండగ. ఉండనీ."

మడిచి ఆమె చేతిలో పెట్టాను.

"సేలానికి ఇది తీసుకపో. హాస్టలుకని కొత్త దుప్పటి కొన్నావంటే ఊరుకోను."